మిరపకాయ కాగితాలు చూపించాలి

మన సంస్కృతిని కాపాడుకోవాలని ఊరూరా మైకులు మోగుతున్న రోజులివి. అయినా ఒక పరదేశి మన వంటింట్లో తిష్ట వేసుకుని కూర్చుంటే ఎవరికీ పట్టడం లేదు. మిరపకాయ సంగతే చెబుతున్నాను. పుట్టింది మెక్సికో వైపు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మన పడమటి తీరంలో దిగింది. వీసా లేదు, ఆధార్ లేదు.

అంతకుముందు మన కారమంతా మిరియాలదే. 1503లో కాలం చేసిన అన్నమయ్య వేల సంకీర్తనలు చెప్పాడు గానీ, ఊరమిరపకాయ నంజుకుని పెరుగన్నం తిన్న పాపాన పోలేదు. తిరుమల వడకి నేటికీ మిరియమే ఘాటు. స్వామి మాట మార్చలేదు. భక్తుడు మాత్రం కొండ దిగి అలిపిరి దాటగానే ఎర్రకారం దోసె ఎక్కడ బాగుంటుందని ఆరా తీస్తాడు. పాపం మిరియం, కషాయానికీ పొంగలికీ పరిమితమై మూలన కూర్చుని కారాలు నూరుతోంది.

పోనీ, వచ్చింది వంటతో సరిపెట్టుకుందా? చిత్తూరు బజారులో అంగడి గుమ్మాలకి నిమ్మకాయతో పాటు వేలాడుతూ సెక్యూరిటీ ఉద్యోగం కూడా చేస్తోంది. కొత్త కారుకి ఇన్సూరెన్సు కట్టకముందే దీన్ని కడతారు. పిల్లాడు అన్నం మానేస్తే డాక్టర్ కంటే ముందు ఎండుమిరపకాయలు వస్తాయి. దిగదుడిచి నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, ఇంటిల్లిపాదీ దగ్గితే తగలనట్టు. దిష్టి లేదని తేలిన ఇళ్ళకే దగ్గుమందు ఎక్కువ పోతుందని నా అనుమానం.

శాస్త్రజ్ఞులు కూడా దీని పక్షమే. 1912లో స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు దీని ఘాటుకి కొలత కట్టాడు. ఇందులోని కాప్సైసిన్, వేడిని పసిగట్టే నాడులను తట్టి, నోట్లో నిప్పు పడిందని మెదడుకి అబద్ధం చెబుతుంది. ఆ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మంటకి నీళ్ళు పనిచేయవు, పెరుగే దిక్కు అన్న సంగతి మాత్రం మన అత్తలకి ఏ బహుమతీ లేకుండానే తెలుసు. హైదరాబాదు అల్లుడికి గొడ్డుకారం వడ్డించి, కళ్ళనీళ్ళు కారేదాకా ఆగి, "మా కారం మీకు అలవాటు లేదులే నాయనా" అంటూ పెరుగుగిన్నె జరుపుతారు. మెక్సికో సరుకుని మాది అనడానికి ఎంత ధైర్యం!

కాబట్టి ప్రభుత్వం వెంటనే కమిటీ వేసి మన పళ్ళెంలోంచి విదేశీ సరుకంతా ఏరేయాలి. ముందు మిరపకాయ. తర్వాత మదనపల్లె టమాటా, దాని సొంతూరూ అటువైపే. ఊరుబిండిలోకి వేయించే చెనిక్కాయలదైతే దక్షిణ అమెరికా. ఇక మిగిలేది సంగటి ముద్ద. రాగులు ఎప్పుడో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చాయని చదువుకున్నవాళ్ళు గొణుగుతుంటారు. ఆ ఫైలు తెరవొద్దని కమిటీకి ముందే చెప్పాలి. సంగటి జోలికి వెళ్తే ఈ జిల్లాలో ఎవరికీ డిపాజిట్ దక్కదు.