నామినీ గడి గారికి బహిరంగ లేఖ

బ్యాంకు ఫారంలో కొలువున్న శ్రీయుత నామినీ గడి గారి దివ్య సముఖమునకు,

హనుమకొండ వడ్డేపల్లి నుంచి మోటార్ వైండింగ్ చేసుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. ఖాళీగా వదిలేసినా మీరు క్షేమమే, తప్పుడు పేరుతో నింపినా క్షేమమే. కిందామీదా పడేది మేమే.

నిన్న మధ్యాహ్నం మీ పుణ్యాన ఒక ఆఫీసు వరండాలో గడిచింది. నా పక్కన బెంచీ మీద ఎనభై దాటిన తాత. ఊరి నుంచి ఆటో కట్టించి తెచ్చాను. ఆయన పని ఒక్కటే, మా బాపమ్మ చనిపోయిందని సంతకం పెట్టడం. సార్ మీటింగులో ఉన్నారు. మూడింటికి వస్తారన్నారు, నాలుగన్నారు, అయిదయ్యాక సోమవారం రమ్మన్నారు. తాత తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, "మీ బాపమ్మ సచ్చిందంటే ఎవలకు నమ్మకం లేదు కొడుకా? పాడె మోసింది నేనే గద" అన్నాడు.

మీ పేరే చెప్పాను.

కథ మీకు తెలియంది కాదు. బాపు 1988లో ఖాతా తెరిచాడు. అప్పటికి పెళ్లి కాలేదు. తను పోతే డబ్బు ఎవరి చేతికివ్వాలో రాసే డీఏ1 ఫారంలో మీ దగ్గరికొచ్చేసరికి లోకంలో తనకున్న ఒకే మనిషి, మా బాపమ్మ పేరు రాశాడు. తర్వాత పెళ్లయింది, అక్క పుట్టింది, నేను పుట్టాను, 1994లో బాపమ్మ పోయింది, దుకాణం పెట్టాడు, ఎఫ్‌డీలు వేశాడు. వేసిన ప్రతి ఎఫ్‌డీకీ ఆ పాత పేరే అతుక్కుంటూ వచ్చింది. బాపు పోయాక కాగితాలన్నీ పట్టుకుని బ్యాంకుకు పోతే, కౌంటర్‌లో మేడం స్క్రీన్ చూసి చల్లగా అన్నారు: "నామినీ ఉన్నారు కదండీ, ఆమెను తీసుకురండి."

లేరంటే, లేనట్టు సర్టిఫికెట్ కావాలట.

మా ఊరి పంచాయతీ సెక్రటరీ మంచి పిల్లగాడు. 1994 రిజిస్టర్ అడిగితే బీరువా తెరిచి చూపించాడు. చెదలు తినగా రెండు అట్టలు మిగిలాయి. "రికార్డు లేదని రాసిస్తా, ఏడాది దాటిన చావు మా చేతుల ఉండదు, పైనుంచి ఆర్డర్ తెచ్చుకోవాలె" అన్నాడు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టమట. దరఖాస్తు నింపుతూ తలెత్తకుండా అడిగాడు, "అన్నా, చనిపోయినామె ఆధార్ జిరాక్స్ ఉందా?"

"ఆధార్ పుట్టకముందే పోయింది తమ్మీ."

"అట్లయితే ఫోన్ నంబర్ కాలమ్‌ల ఏం రాయాలె?"

అదీ సంగతి. మా బాపు చావుకు నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట పోయిన ముసలమ్మ మాత్రం మీ కంప్యూటర్‌లో నిక్షేపంగా బతికి ఉంది. అద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి, అక్కడ కూడా గట్టిగానే ఉండి ఉంటుంది.

జిల్లా కాలమ్ ఇంకో ముచ్చట. మేం ఇల్లు కదల్లేదు. జిల్లానే 2016లో వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. బాపు కాగితాల్లో మూడూ ఉన్నాయి, ప్రతి ఆఫీసుకూ తనకు నచ్చనిదే కనిపిస్తుంది. భూమి సంగతి ఎత్తనే ఎత్తను. ధరణి పోయి భూభారతి వచ్చింది గానీ, విరాసత్ కోసం, అంటే పట్టా వారసుల పేరున మార్పించుకోవడానికి, మీసేవ ముందు మేం కూర్చునే బెంచీ మాత్రం మారలేదు.

దుకాణానికి వద్దాం. చౌరస్తా దగ్గర మల్గీ. గల్లా మీద క్యూఆర్ డబ్బా ఉంది. బాపు పోయాక కూడా రెండు వారాలు అది "అయిదు వందల రూపాయలు వచ్చాయి" అని అరుస్తూనే ఉంది. నేను బుద్ధిమంతుడిలా బ్యాంకులో డెత్ సర్టిఫికెట్ ఇచ్చిన మర్నాడే దాని నోరు పడిపోయింది. పదిహేనేళ్లుగా ఆ గల్లా వెనక కూర్చున్నది నేను. కానీ దుకాణం బాపు పాన్ మీద నడిచే ప్రొప్రైటర్‌షిప్, మనిషి పోతే దుకాణమూ పోయినట్టే. జీఎస్టీ నంబర్ నా పేరున కొత్తది, పాతదానికి రద్దు, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ మోయడానికి ఐటీసీ-02 అని ఇంకో ఫారం. యాసంగి మోటార్లు వరస కట్టి ఉన్నాయి. కాపర్ వైర్ కొనడానికి మా పనోడు తన చెల్లె పెళ్లికని దాచుకున్న డబ్బు తెచ్చిచ్చాడు. సిగ్గుతో తీసుకున్నాను.

బాపుకు కాగితం రాయడం రాక కాదు, గడి గారూ. ఆయన ఉద్దెర ఖాతా పుస్తకం చూడండి. పర్వతగిరి, నెక్కొండ, గీసుగొండ, వర్ధన్నపేట... ఎవరి అయిదు హార్స్‌పవర్ మోటార్ ఎన్నిసార్లు కాలింది, ఎంతిచ్చాడు, పత్తి అమ్మినాక ఇస్తానన్నది ఎంత, పైసాతో సహా ఉంటుంది. ఊరందరి లెక్కా రాసినాయన తన లెక్క రాయమంటే మాత్రం, "నన్ను అప్పుడే పంపుతున్నవా?" అనేవాడు. వీలునామాకు స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. తెల్ల కాగితం, తన సంతకం, చూసినవాళ్ల సంతకాలు రెండు. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే, తప్పనిసరి కాదు. పక్క దుకాణంలో చాయ్ తాగుతూ అయిపోయే పని.

ఇప్పుడు సలహాలకు కొదవ లేదు. బావ వీడియోలు చూసి "ప్రొబేట్ చేయించాలి" అంటాడు, వీలునామా అసలుదేనని కోర్టుతో ముద్ర వేయించుకోవడమట. వీలునామానే లేదు, దేనికి బావా? ఉన్నా, బ్రిటిషోళ్లు దాన్ని తప్పనిసరి చేసింది బెంగాల్‌కూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ. నిజాం రాజ్యంలో ఉన్న మనకు ఆ బాధ అంటనే లేదు. పెద్దనాయిన ఇంకో అడుగు ముందుకేసి, "ఆడబిడ్డకు చీరె పెట్టి సంతకం తీసుకో" అన్నాడు. బాపు సొంతంగా సంపాదించినదాంట్లో అమ్మకూ అక్కకూ నాకూ తలో వాటా అని 1956 నుంచే చట్టం ఉంది. అక్క అక్కడే ఉండి విన్నది. చాయ్ గ్లాసు కొంచెం గట్టిగా కింద పెట్టింది, అంతే.

అన్నిటికన్నా మండేది ఏందంటే, ఇంత చేసి మీరు ఎవరూ కారట! 1984లోనే ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, సొంతదారులు వారసులేనని. అంటే బాపమ్మ బతికి వచ్చి వేలిముద్ర వేసినా, తల్లిగా తన వాటా పోను మిగతా డబ్బు మాకే చేర్చాలి. ఇగ మీరు గీరు ఎందుకు, నువ్వే. గేటు కాడి వాచ్‌మెన్‌వి నువ్వు, ఇంటి ఓనర్ లెక్క పోజు కొట్టి నాలుగు నెలలు నన్ను బయట నిలబెట్టినవ్. 2025 నవంబర్ నుంచి ఒక్కో ఖాతాకు నలుగురిని పెట్టుకోవచ్చట. ఒక్కరి పేరు మార్చుకోవడమే చేతగాని ఇంట్లో నలుగురా?

తిట్టి వస్తుండగా మేడం పాత ఫారం స్కాన్ చూపించారు. బాపు రాత. వంకర తెలుగు అక్షరాలు. బంధుత్వం అన్న చోట "తల్లి" అని సరిపోయేది కదా, "మా అమ్మ" అని రాశాడు. గడి చాలక చివరి అక్షరం గీత దాటి బయటికొచ్చింది. కాసేపు ఏం మాట్లాడలేదు నేను.

రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లో నా ఖాతా తెరిచాను. పద్దెనిమిదేళ్లకు బాపు దగ్గరుండి తెరిపించిన ఖాతా. నామినీ దగ్గర బాపు పేరు ఉంది. మార్చు అని నొక్కి, మా ఆవిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం కొట్టాను. ఓటీపీ పంపామని వచ్చింది. నా ఫోన్‌కు రాలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

పక్క గదిలో, రైతులు ఫోన్ చేస్తరని అమ్మ రోజూ ఛార్జింగ్ పెట్టే బాపు ఫోన్ టింగుమంది.

"ఎవలో మెసేజ్ పెట్టిండ్రు," అమ్మ కేకేసింది, "చూడు కొడుకా."