పెళ్లికీ హత్యకూ నడుమ ఉన్న నెలలు

పరువు పేరిట హత్య జరిగిన ప్రతిసారీ మన నిరసనలు దాదాపు ఒకే వరసలో సాగుతాయి. నిందితులను వెంటనే అరెస్టు చేయాలంటాం, ఉరి తీయాలంటాం, ప్రత్యేక చట్టం తేవాలంటాం. మొదటి కోరిక చాలాసార్లు ప్రయాస లేకుండానే తీరుతుంది. తాను చేసిన పని నలుగురికీ తెలియాలనుకునేవాడు పారిపోవడానికి పెద్దగా తొందరపడడు. రెండోది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతుంది. 2016 మార్చిలో తమిళనాడులోని ఉడుమల్‌పేటలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిపై పట్టపగలు జరిగిన హత్యకు తిరుప్పూరు కోర్టు 2017 డిసెంబరులో యువతి తండ్రి సహా ఆరుగురికి మరణశిక్ష వేస్తే, 2020 జూన్‌లో మద్రాసు హైకోర్టు తండ్రిని నిర్దోషిగా వదిలి, మిగిలిన ఐదుగురి శిక్షను యావజ్జీవానికి తగ్గించింది. మిర్యాలగూడ కేసులో 2018 సెప్టెంబరు నాటి హత్యకు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. అసలు సూత్రధారిగా అభియోగం ఎదుర్కొన్న యువతి తండ్రి అప్పటికి అయిదేళ్ల ముందే ఆత్మహత్య చేసుకున్నాడు.

శిక్షలు పడాల్సిందే. అయితే ఉద్యమం తన బలమంతా హత్య తర్వాతి కాలం మీదే ఖర్చు పెడుతోందన్నది నా అభ్యంతరం. ఇవి క్షణికావేశంలో జరిగే నేరాలు కావు. కడలూరు జిల్లాలో కన్నగి, మురుగేశన్ 2003 మేలో పెళ్లి రిజిస్టరు చేసుకుంటే జులైలో వారిని విషం పెట్టి చంపారు. ఉడుమల్‌పేట జంట పెళ్లి 2015 జులైలో, హత్య ఎనిమిది నెలల తర్వాత. మిర్యాలగూడలో జనవరిలో పెళ్లి, సెప్టెంబరులో హత్య. ఆ నెలల్లో బెదిరింపులు వస్తాయి, రాజీ మాటలు వస్తాయి, బంధువులు వస్తారు, పోలీసులకు సంగతి తెలుస్తుంది. చావు కబురు ముందే అందుతుందన్న మాట. అందుకున్నవాళ్లు ఏం చేశారన్నది మాత్రం ఎవరూ అడగరు.

చెన్నైలోని తెలుగువాళ్లకు ఈ ప్రశ్న దూరపుది కాదు. నెల్లూరు, చిత్తూరు, పల్నాడు వైపు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరే జంటలకు ఈ నగరం చాలాకాలంగా తలదాచుకునే చోటు. తెలుగులో మాట్లాడితే పని జరుగుతుంది, అద్దె గది దొరుకుతుంది, పోలీసులు వేరే రాష్ట్రం వాళ్లు. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో ఈ మధ్య జరిగిన రెండు ఘటనలు చూపించాయి. 2024 ఫిబ్రవరిలో పళ్లికరణైలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి నడివీధిలో నరికి చంపారు. భార్య సోదరుడే నిందితుడు. 2025 జులైలో పాళయంకోట్టైలో హత్యకు గురైన దళిత యువకుడు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తాతను వైద్యానికి తీసుకెళ్లినప్పుడు, తమ తల్లిదండ్రులతో మాట్లాడుదువు రమ్మని యువతి సోదరుడు అతన్ని వెంటబెట్టుకెళ్లి చంపాడన్నది అభియోగం. ఆ తల్లిదండ్రులిద్దరూ పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్లు.

మాట్లాడుకుందాం రమ్మన్న ఆ పిలుపు దగ్గర కాసేపు ఆగాలి. చెన్నైకి వచ్చిన తెలుగు జంటల విషయంలో అది సాధారణంగా మిస్సింగ్ కేసు రూపంలో వస్తుంది. సొంత ఊరి స్టేషన్‌లో అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేస్తాడు. సెల్‌ఫోన్ సిగ్నల్ పట్టుకుని ఇద్దరు కానిస్టేబుళ్లు, వారితో పాటు అదే బండిలో ఒక మేనమామో బాబాయో, విల్లివాక్కంలోనో పెరంబూరులోనో అద్దె గది ముందు దిగుతారు. ఆధార్ కార్డులు చూపించి మేజర్లమని చెప్పినా, “ఒక్కసారి స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టి వెళ్లిపోమ్మా” అంటారు. సరిహద్దు దాటాక స్టేషన్‌లో తల్లి కాళ్ల మీద పడుతుంది, పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటారు, అబ్బాయిని “ఏం చదివావురా” అని అడిగి ఊరుకుంటారు. “నెల రోజులు ఇంట్లో ఉండమ్మా, మేమే నలుగుర్లో పెళ్లి చేస్తాం” అంటారు. పదిమంది బంధువుల మధ్య తలొంచుకుని ఆమె అన్న ‘సరే’ను ఆమె ఇష్టంగా రాసుకుని కేసు మూసేస్తారు. దానికి పోలీసు భాషలో కౌన్సెలింగ్ అని పేరు. మేజరైన స్త్రీని ఎవరికో ‘అప్పగించే’ అధికారం ఏ స్టేషన్‌కూ లేదు. ఆమె ఎక్కడుండాలో ఆమె చెప్పాలి, అదీ బంధువులెవరూ లేనిచోట, మెజిస్ట్రేటు ముందు.

ఇలాంటి జంటలను కాపాడే పరిష్కారాలు కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. మద్రాసు హైకోర్టు 2016లోనే కులాంతర జంటల కోసం జిల్లాకో ప్రత్యేక విభాగం, హెల్ప్‌లైన్ ఉండాలని ఆదేశించింది. 2018 మార్చి 27న శక్తివాహిని అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్నే దేశమంతటికీ విస్తరించింది. ప్రతి జిల్లాలో ఎస్పీ, సాంఘిక సంక్షేమ అధికారి, ఆది ద్రావిడ (దళిత) సంక్షేమ అధికారి కలిసిన విభాగం ఉండాలంది. బెదిరింపు ఫిర్యాదుపై అదనపు ఎస్పీ స్థాయిలో విచారించి వారంలో నివేదిక ఇవ్వాలంది. భద్ర గృహంలో నామమాత్రపు రుసుముతో ముందు నెల, తర్వాత నెలనెలా పొడిగిస్తూ ఏడాది దాకా ఉండనివ్వాలంది. పెళ్లి కాని జంటలకు కూడా అందులో చోటు ఉండాలని రాసింది. ఇంత వివరమైన ఆదేశం చేతిలో ఉండగా మన ఊరేగింపుల ప్లకార్డుల మీద భద్ర గృహం అన్న మాటే కనిపించదు. ఉరి అన్న మాట కనిపిస్తుంది.

చట్టమే ఆచూకీ చెప్పే చోటు కూడా ఒకటుంది. మతాంతర జంటలు ఆశ్రయించే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి. వారి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతిని అక్కడి అధికారికీ పంపాలి, ఆయన అక్కడా అంటిస్తాడు. అంటే చెన్నైలో దాక్కున్న జంట చిరునామా ప్రభుత్వ ఖర్చుతో నరసరావుపేట చేరుతుంది. ఈ నిబంధన ఏ కాలపు మర్యాద కోసం పెట్టారో గాని, ఇప్పుడు వెతికేవాళ్లకే పనికొస్తోంది. హిందూ జంటలకు తమిళనాడులో ఒక వెసులుబాటు ఉంది: ఆత్మగౌరవ వివాహాలకు పురోహితుడు అక్కర్లేదు. న్యాయవాది సమక్షంలో, ఊరికి చాటకుండా చేసుకున్నా అవి చెల్లుతాయని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కుటుంబాల ఒత్తిడి ఉన్నవారిని బహిరంగంగా ప్రకటించమనడం వారి ప్రాణాల మీదికే తేవచ్చని ఆ తీర్పు గుర్తించింది.

ప్రత్యేక చట్టం మాటకొస్తే, 2012లో లా కమిషన్ 242వ నివేదికలో ముసాయిదా ఇచ్చింది, 2019లో రాజస్థాన్ శాసనసభ ఒక బిల్లు ఆమోదించింది, 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె.ఎన్. బాషా నాయకత్వంలో కమిషన్ ప్రకటించింది. చట్టం వల్ల ఒక మేలుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దళితుణ్ణి ఇతర కులస్థుడు చంపినప్పుడు అక్కరకొస్తుంది; అగ్రకుల యువతిని సొంత తండ్రే చంపితే అది వర్తించదు. ఈ హత్యల లెక్కల్లోనూ అలాంటి లోటే ఉంది. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం 2014లో ఇలాంటి కేసులు 28, మరుసటి ఏడాది 192, ఆపై 68. దేశం మనసు ఏడాదిలో ఏడు రెట్లు పాడై, మళ్లీ బాగుపడిందనుకోలేం. లెక్క రాసే పద్ధతే కుదురుగా లేదు.

1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వీరేశలింగం ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పోలీసు రక్షణ అడిగారు, కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చారు. వీరేశలింగం పేరు మీద సభలు జరుపుకునే సంఘాలు చెన్నైలో కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటి వాట్సాప్ గ్రూపుల్లోనే ‘మన అమ్మాయి కనపడటం లేదు’ అంటూ ఫోటోలు తిరుగుతుంటాయి, కింద ఆచూకీ చెప్పేవాళ్లూ ఉంటారు. ఉగాది కవి సమ్మేళనానికి అయ్యే ఖర్చులో కొంత పక్కన పెడితే తెలుగు తెలిసిన ఒక మహిళా న్యాయవాదిని పిలవగానే వచ్చేలా అందుబాటులో ఉంచవచ్చు. తమిళంలో రాసిన వాంగ్మూలంపై సంతకం పెట్టే ముందు అందులో ఏముందో అమ్మాయికి చదివి వినిపించడానికి ఒకరు స్టేషన్‌కు వెళ్లవచ్చు. బాషా కమిషన్‌కు ఈ నగరపు తెలుగువాళ్లు వినతిపత్రం ఇస్తే అందులో మొదట అడగాల్సింది కూడా చిన్నదే: మరో రాష్ట్రం నుంచి మిస్సింగ్ కేసుతో వచ్చిన పోలీసులు, మేజరైన అమ్మాయిని చెన్నై మెజిస్ట్రేటు ముందు హాజరుపరచకుండా, బంధువుల బండిలో సరిహద్దు దాటించడం నేరం కావాలి.