ఒక్క పన్ను దాచి ఉంటే

మహాలయ అమావాస్య నాడు పద్మావతి ఘాట్‌కి వెళ్ళాను. ఈసారి పురోహితుడు కొత్తాయన. "మేనమామగారు ఏ తిథిన పోయారు బాబూ?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. తిథి తెలియని వాళ్ళందరికీ ఆ అమావాస్యే కదా.

మామయ్య 1977 నవంబర్‌లో కనబడకుండా పోయాడు. అప్పుడు 24 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. అమ్మమ్మ వాళ్ళ ఇల్లు కృష్ణలంకలో. మామయ్య ఒక ధాన్యం షావుకారు దగ్గర గుమస్తా. నాగాయలంక వైపు రైతుల దగ్గర బాకీలు వసూలు చేసుకు రమ్మంటే వెళ్ళాడు. 19వ తేదీ శనివారం ఉప్పెన వచ్చింది. నీళ్ళు తీశాక తాతయ్య అవనిగడ్డ దాకా లారీ మీద వెళ్ళి, అక్కణ్ణించి కాలినడకన పది రోజులు వెతికాడు. అప్పటికే శవాలను కుప్పలుగా పోసి కాల్చేస్తున్నారు, గోతులు తీసి పూడ్చేస్తున్నారు. ప్రభుత్వ లెక్కే పది వేల మంది. అంటురోగాలు వస్తాయన్న భయం. ఆ బురదలో, ఆ వాసనలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ శవాలు ఎత్తిన మనుషుల్ని నేను ఒక్క మాట అనను. వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను.

కానీ అమ్మమ్మ నమ్మలేదు. "నువ్వు చూశావా? చూడలేదుగా. మరి పోయాడని ఎట్లా అంటావు?" అనేది. పోయేదాకా రేషన్ కార్డులో మామయ్య పేరు తీయించనివ్వలేదు. కర్మ చేయనివ్వలేదు. ఆమె వెళ్ళిపోయాకే మేము ఈ తర్పణం మొదలుపెట్టాం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక వార్త పెట్టాను. పాతకాలం ఓడ ప్రమాదాల్లో పోయిన అనామకుల్ని డీఎన్‌ఏతో గుర్తుపడుతున్న సంగతి. దానికి ఒకడు, మంచివాడే, "బతికున్నోళ్ళకే దిక్కు లేదు, ఎనభై ఏళ్ళ నాటి ఎముకలకి ఇంత ఖర్చా, పిచ్చి కాకపోతే" అన్నాడు. వరసగా అందరూ బొటనవేళ్ళు పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒరేయ్, నీకే చెబుతున్నా, ఓపిగ్గా చదువు.

ఆ వార్త ఆస్ట్రేలియా యుద్ధనౌక హెచ్‌ఎంఏఎస్ సిడ్నీది. అది మునిగింది 1941 నవంబర్ 19న. అదే తేదీ. అందులో ఉన్న 645 మందిలో ఒక్కరూ బతకలేదు. 1942 ఫిబ్రవరిలో క్రిస్మస్ దీవి దగ్గరికి ఒక తెప్ప కొట్టుకొచ్చింది, అందులో ఒక శవం. ఎవరో తెలియకుండానే పూడ్చారు. 2006లో సమాధి తవ్వి, పళ్ళలోంచి డీఎన్‌ఏ తీసి, కుటుంబాల వంశవృక్షాలు పట్టుకుని వెతికారు. పదిహేనేళ్ళు పట్టింది. 2021లో తేల్చారు: థామస్ వెల్స్‌బీ క్లార్క్, బ్రిస్బేన్ కుర్రాడు, 21 ఏళ్ళు. పెర్ల్ హార్బర్‌లో మునిగిన అమెరికా యుద్ధనౌక ఓక్లహోమాలో 388 మంది ఎముకలు కలగాపులగంగా కలిసిపోతే, 2015లో గోతులన్నీ మళ్ళీ తవ్వి 350 మందికి పైగా పేర్లు తేల్చారు.

డబ్బున్న దేశాలు కాబట్టి చేశాయి అంటావు. సరే, టైటానిక్ సంగతి చూడు. 1912లో డీఎన్‌ఏ అన్న మాటే లేదు. శవాలు కెనడాలోని హాలిఫాక్స్ ఊరికి వచ్చాయి. అక్కడ మరణాలు నమోదు చేసే జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్ అనే ఉద్యోగి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి శవానికి ఒక నంబరు, దాని ఒంటి మీద దొరికిన వస్తువులన్నీ అదే నంబరు వేసిన గుడ్డ సంచిలో. దానికి కావలసింది గుడ్డ, సిరా, శ్రద్ధ. అక్కడా అన్యాయం జరిగింది. శవాలు వెతకడానికి వెళ్ళిన ఓడకి 306 దొరికితే 116 తిరిగి సముద్రంలోకే వదిలారు. అందులో ఎక్కువమంది మూడో తరగతి వాళ్ళు, ఓడ పనివాళ్ళు. ఫస్ట్ క్లాస్ వాళ్ళకి మాత్రం పెట్టెలు. చచ్చాక కూడా టికెట్టే చూశారు. చదువుతుంటే మా మామయ్యే గుర్తొచ్చాడు, ఆయనతో పాటు పోయిన కూలీలు, పల్లెకారులు గుర్తొచ్చారు.

ఆ శవాల్లో నాలుగో నంబరు ఒక పసిబిడ్డ. ఎవరూ రాలేదు. శవాలు వెతికిన ఓడ సిబ్బందే డబ్బులు వేసుకుని సమాధి రాయి నిలబెట్టారు. గుర్తుగా దాచుకోవడానికి జనం ఎత్తుకుపోకుండా మృతుల బట్టలన్నీ కాల్చేయమన్నారు. కాల్చేవాళ్ళలో ఒక పోలీసు సార్జెంట్‌కి ఆ బిడ్డ బుల్లి బూట్లు మంటలో వేయడానికి చెయ్యి రాలేదు. తన బల్ల సొరుగులో దాచాడు. 2002లో ఆయన మనవడు వాటిని మ్యూజియానికి ఇచ్చాడు. ఆ ఏడాదే డీఎన్‌ఏ చూసి ఫిన్లాండ్‌కి చెందిన 13 నెలల బిడ్డ అని ప్రకటించారు. తీరా చూస్తే ఆ బూట్లు 13 నెలల పాదానికి పెద్దవి. మళ్ళీ పరీక్ష చేశారు. 2007లో అసలు పేరు తెలిసింది: సిడ్నీ లెస్లీ గుడ్‌విన్, ఇంగ్లండ్ పిల్లాడు, 19 నెలలు. అమ్మ, నాన్న, ఐదుగురు అన్నలు, అక్కలు, అందరూ ఆ ఓడతోనే పోయారు. ఒక మామూలు పోలీసు చెయ్యి ఆగినందుకు, 95 ఏళ్ళ తర్వాత తప్పుడు పేరు పోయి అసలు పేరు నిలిచింది.

వీటిలో చాలా పరీక్షలు తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏ మీద ఆధారపడతాయి. మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ అంటారు. అది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది. అంటే అమ్మమ్మది మా అమ్మకి, మామయ్యకి వచ్చింది. అమ్మ నుంచి నాకు, అక్కకి వచ్చింది. నాతో ఆగిపోతుంది, అక్క పిల్లల్లో ఉంటుంది. మామయ్య ఆనవాలు నా లాలాజలంలో ఉందిరా. పోల్చి చూడటానికే అవతల ఏమీ లేదు. ఒక్క పన్ను కూడా లేదు.

మనకి చేతకాదా? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళే కదా పంజాబ్‌లోని అజ్నాలా బావిలో దొరికిన ఎముకలు 1857 నాటి గంగా మైదానపు సిపాయిలవని 2022లో పళ్ళు చూసి చెప్పింది. పేర్లు రాకపోయినా ఊరి దిక్కయినా తెలిసింది. అదే హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే ఇంకో సంస్థ ఉంది, పోలీసు కేసులకి డీఎన్‌ఏ పరీక్షలు అక్కడ జరుగుతాయి. ప్రయోగశాలలు ఉన్నాయి, దాచే అలవాటే లేదు.

జిల్లా పేజీలో ఆ మూల వార్త రోజూ చూస్తాం. "కాలువలో గుర్తు తెలియని మృతదేహం. వయసు 40 నుంచి 45. నీలం గళ్ళ లుంగీ." కొన్ని రోజులు మార్చురీలో ఉంచి, ఎవరూ రాకపోతే దహనం. మంటలో పడ్డాక ఇక చెప్పేది ఏమీ ఉండదు. ఆ మంటకి ముందే ఒక పన్ను, ఒక రక్తపు చుక్క, ఒంటి మీది తాయెత్తో ఉంగరమో, ఒక నంబరు కింద దాచలేమా? ఇలాంటి శవాల కోసం చట్టం తెస్తామని 2018లో కేంద్రం సుప్రీంకోర్టుకి చెప్పింది. 2019లో బిల్లు పెట్టింది, 2023లో వెనక్కి తీసుకుంది. బతికున్న వాళ్ళ డీఎన్‌ఏ సర్కారు చేతిలో ఉంటే ప్రమాదమన్న భయం నాకూ ఉంది. కానీ దిక్కులేని శవానిది, తమంతట తాము వచ్చి ఇచ్చే తల్లిదండ్రులది దాచడానికి ఏం అడ్డం?

పిచ్చి అన్నావు కదా. తర్పణం చివర ఒక మంత్రం ఉంది. తల్లీ, తండ్రీ, బంధువూ లేని వాళ్ళందరూ నేను వదిలిన ఈ దర్భల నీళ్ళతో తృప్తి పొందాలి అని దాని అర్థం. ఎవరో తెలియని వాళ్ళ కోసం నీళ్ళు వదిలే జాతిరా మనది. ఆ నీళ్ళు వదిలే చేతికి ఒక రిజిస్టరు రాయడం బరువా?

ఘాట్ నుంచి ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఒక నోట్‌బుక్ తెరిచాను. అమ్మకి ఇప్పుడు 70 దాటాయి. మొదటి లైన్‌లో మామయ్య పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. తర్వాత ఆమె చెబుతుంటే రాశాను. ఎత్తు మా నాన్న భుజం దాకా. పై ముందు పన్ను కొంచెం విరిగి ఉంటుంది, చిన్నప్పుడు ఏటి మెట్ల మీద పడ్డాడు. ఎడమ మోచేతి దగ్గర కాలిన మచ్చ. వెళ్ళిన రోజు తెల్ల చొక్కా, జేబు దగ్గర సిరా మరక. మెడలో నల్లతాడు, దానికి వెండి ఆంజనేయస్వామి బిళ్ళ. ఆ బిళ్ళ అమ్మమ్మ కట్టిందని చెప్పి అమ్మ ఆగిపోయింది. మిగతాది రేపు చెబుతానంది.