అయిదుగురు అంకుల్స్ వెడల్పు

హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవారికి ఒక విన్నపం. అది అడవి అని దయచేసి అపోహపడకండి. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినవాళ్లు నెమళ్ల కోసమనుకున్నట్టున్నారు, పాపం. అది అయిదుగురు పెద్దమనుషులు పక్కపక్కన నడవడానికి.

పక్కపక్కనే ఎందుకంటారా? ఒకరి వెనక ఒకరు నడిస్తే వెనకాయనకి గజం రేటు వినబడదు కదా! అందుకే దారికి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గోడ కట్టేస్తారు. తెల్ల బూట్లు, అడుగులు లెక్కపెట్టే వాచీలు. మధ్యలో ఆయన జేబులో ఫోను, ఫోన్లోంచి ఫుల్ సౌండ్‌తో వైరాగ్యం మీద ప్రవచనం.

మొన్న ఆ గోడ వెనక నేను ఇరుక్కుపోయాను. నా వెనక మారథాన్‌కి తయారవుతున్న కుర్రాడు నిలబడ్డచోటే పరిగెత్తుతున్నాడు. పొదల్లోంచి ఒక నెమలి దారి దాటుదామని వచ్చి, ఒక కాలు పైకెత్తి, అలాగే ఆగిపోయింది.

"అంకుల్, జర సైడ్ ఇస్తారా?" అన్నాడు కుర్రాడు.

అయిదుగురూ టక్కున ఆగారు. జరగడానికి కాదు. ఒకాయనకి సందేహం వచ్చింది.

"మొత్తం ఎన్నెకరాలండీ ఇది?"

"390 దాకా ఉంటుంది."

"2023లోనే కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ రేటే వేసుకున్నా..."

ప్రవచనం ఆగింది. కేలిక్యులేటర్ తెరుచుకుంది.

"39,000 కోట్లు సార్!"

కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. తర్వాత అందరూ తలెత్తి చెట్ల వంక చూశారు, ఏళ్ల తరబడి కిరాయి ఎగ్గొట్టినవాళ్లని చూసినట్టు. "ఊరికే పెరుగుతున్నాయి చూడండి" అన్నారొకరు. లోపలున్న చిరాన్ ప్యాలెస్ ఒక్కటే పద్ధతిగా కట్టారని ఇంకొకాయన మెచ్చుకున్నారు. మూడో ఆయన చూపు నెమలి మీద పడింది. "దీనికెంత జాగా కావాలండీ? మహా అయితే నాలుగు గజాలు!" నెమలి ఒక్క అరుపు అరిచి, దింపని కాలు వెనక్కే దింపి పొదల్లోకి పోయింది. ప్రవచనం మళ్లీ మొదలైంది. "నీ వెంట ఏదీ రాదు నాయనా" అన్నారు స్వామివారు. అయిదుగురూ భక్తిగా తలూపారు.

నాకు వేరే పని లేదు కనక ఆ గోడని కళ్లతోనే కొలిచాను. అయిదు జతల భుజాలు, చేతులూపడానికి కాస్త సందు. సుమారు 3 మీటర్లు. ఈ అంకె ఎక్కడో విన్నానే! విన్నాను. 2020లో ఇదే పార్కు చుట్టూ కేంద్రం పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఎక్కువ ఉన్నచోట 29.8 మీటర్లు, తక్కువ ఉన్నచోట 3. అడవికీ ఊరికీ మధ్య కాపలా, అయిదుగురు అంకుల్స్ వెడల్పు!

మూడు మీటర్లేమిటండీ? అందులో కారు అడ్డంగా పెడితే మూతి బయటికొస్తుంది. దాన్ని రక్షణ అని గెజిట్‌లో అచ్చు వేయడానికి సిగ్గనిపించలేదా? ఆ చుట్టుపక్కలే మళ్లీ ఫ్లైఓవర్లు కావాలి, అండర్‌పాస్‌లు కావాలి. సిగ్నల్ దగ్గర మనం రెండు నిమిషాలు ఆగలేం కాబట్టి నలభై ఏళ్ల చెట్టు పోవాలి. 2025 ఉగాది రోజుల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు దిగితే, సుప్రీంకోర్టు కళ్లెర్రజేస్తే గానీ ఆగలేదు. ఈ ఊళ్లో చెట్టు బతకాలంటే ఢిల్లీ దాకా వెళ్లి స్టే తెచ్చుకోవాలి!

సరే, బీపీ పెరుగుతోంది. అది తగ్గించుకోవడానికే కదా వాకింగ్‌కి వెళ్లింది.

గేటు బయట రాగిజావ బండి దగ్గర మళ్లీ కనబడ్డారు అయిదుగురూ. అక్కడా పక్కపక్కనే. 39,000 కోట్లాయన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, గుండెల నిండా గాలి పీల్చారు.

"ఏం ఆక్సిజన్ అండీ! ఇలాంటి అడవి మన వెంచర్ పక్కన ఒకటి పడిందనుకోండి, గజానికి ఇంకో పది వేలు కళ్లు మూసుకుని పెంచొచ్చు."