కుటుంబ సభ్యులకు పారితోషికమా!

కళారంగంలో ఈ మధ్య ఒక దురాచారం తలెత్తింది. స్వతంత్ర సంగీతకారుడు ఎంతో ప్రేమగా పిలిచి తన సొంత ఆల్బంలో వేణువు వాయించే భాగ్యం కలిగిస్తే, ఆ వేణువు కళాకారుడు కృతజ్ఞతతో కళ్లు చెమర్చుకోవాల్సింది పోయి, "ఎంత ఇస్తారు?" అని అడుగుతున్నాడట. వినడానికే కష్టంగా ఉంది. సంగీతం వెలకట్టలేనిదని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వెలకట్టలేనిదానికి వెల ఎలా కడతారన్న చిన్న తర్కం ఈ కళాకారులకు ఎందుకు అందడం లేదో తెలియదు. ప్రజాభిప్రాయం పూర్తిగా దారి తప్పకముందే స్వతంత్ర సంగీతకారుడి పక్షాన నాలుగు మాటలు రాయడం నా ధర్మంగా భావిస్తున్నాను.

ముందు ఆయన త్యాగనిరతిని చూడాలి. రికార్డు కంపెనీల దోపిడీకి లొంగనని ఆయన శపథం పట్టారు. కంపెనీలేవీ ఆయన్ని పిలవలేదన్న మాట నిజమే కానీ, పిలవని పేరంటానికి వెళ్లకపోవడం కూడా ఆత్మగౌరవం కిందికే వస్తుంది. కంపెనీల పాపాల చిట్టా ఆయనకు కంఠతా వచ్చు. పాట పాడేది ఒకరైతే రికార్డింగు మీద హక్కు మరొకరిది. స్టూడియో ఖర్చంతా బయానా కింద రాసి గాయకుడి రాయల్టీలోంచే రాబట్టుకుంటారు. వాయించినవాళ్ల పేర్లు అట్ట మీద ఉండవు. ఇన్ని అన్యాయాలను ఒక్కొక్కటిగా అధ్యయనం చేశాక, ఇక ఏ కంపెనీ మీదా ఆధారపడకూడదని తానే కంపెనీ అయ్యారు. పెట్టుబడి ఆయనదే, ప్రచారం ఆయనదే, పంపిణీ ఆయనదే, అట్ట మీది బొమ్మ కూడా ఆయనదే. వాయించడం ఒక్కటే ఇతరులకు వదిలిపెట్టారు.

డబ్బు విషయంలో ఆయన పిసినారి అని గిట్టనివాళ్లు చేసే ప్రచారాన్ని ఇక్కడే ఖండించాలి. మైక్రోఫోన్‌కు అడిగిన ధర అడిగినట్టు ఇచ్చారు. రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు, దానికి తగిలించే ప్లగిన్‌లకు నెల తిరక్కుండా చందా కడుతున్నారు. పాటలను స్ట్రీమింగ్ వేదికలకు చేరవేసే పంపిణీ సంస్థకు ఏడాది చందా ముందుగానే చెల్లించారు. అలాంటి సంస్థల్లో కొన్ని, చందా ఆగిన మరుక్షణం పాటలను వేదికల మీది నుంచి దించేస్తాయి కాబట్టి ఆ తేదీ ఆయనకు తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తుంటుంది. మాస్టరింగ్‌ను ఒక వెబ్‌సైటుకు అప్పగించారు. మనిషి చెవి తగలకుండా పాట శబ్దస్థాయిని ప్రపంచ ప్రమాణానికి తెచ్చే ఆ యంత్రానికి పాటకింత అని ఇచ్చారు. వీళ్లెవరితోనూ ఆయన బేరమాడలేదు. "మనదంతా ఒక కుటుంబం" అని ప్లగిన్ కంపెనీకి రాయలేదు. మైక్రోఫోన్ అమ్మినవాడితో "దీనివల్ల మీకు మంచి గుర్తింపు వస్తుంది" అనలేదు. పరాయివాళ్లకు పైకం, అయినవాళ్లకు ఆప్యాయత అన్నది ఆయన పద్ధతి. స్థానిక కళాకారులను అయినవాళ్లుగా లెక్కించినందుకు ఆయన్నే నిందిస్తున్నారు. లోకం తీరు ఇలాగే ఉంటుంది.

ఇక కళాకారులను కూడగట్టే ఘట్టం. ఇందులో ఆయన చూపిన నేర్పును యాజమాన్య విద్యాసంస్థల్లో పాఠంగా పెట్టాలి. డోలు కళాకారుడికి రాసే సందేశంలో "మీ చేతిలో మట్టి వాసన ఉంది" అంటారు. ఆ వాసన ఏ ప్లగిన్‌లోనూ లేదని, ఉంటే ఎప్పుడో కొనేవారని అందులో అంతరార్థం. వయొలిన్ కళాకారిణికి "మీ పాండిత్యం నలుగురికీ తెలియాలి" అని రాస్తారు. ఆమె ఇరవై ఏళ్లుగా కచేరీలు చేస్తున్నారని, తనను అనుసరించేవాళ్ల కన్నా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే ఎక్కువని ఆయనకు తెలియకపోలేదు. అందరికీ సమానంగా చెప్పే మాట ఇంకొకటుంది: "ఇది ఆల్బం కాదు, ఒక ప్రయాణం." అలాగైతే దారి ఖర్చులైనా ఇప్పించమని డోలు కళాకారుడు అడిగాడట. ఉపమానాన్ని ఉపమానంగా తీసుకోలేనివాళ్లతో కళాసృష్టి ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రికార్డింగు రోజున స్వరకల్పన ఎలా జరిగిందో కూడా చెప్పాలి. సంగీతకారుడు గిటారు మీద నాలుగు స్వరగుచ్ఛాల వరుస, "ఊఁ ఊఁ" అనే ఒక కూనిరాగం పట్టుకొచ్చారు. శ్రుతి ఎంత అని వేణువు కళాకారుడు అడిగాడు. "అనుభూతితో వాయించండి" అన్నది సమాధానం. అనుభూతికి సరిపడే వేణువు తన సంచిలో ఏదో తేల్చుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. ఆ తర్వాత ఆ కూనిరాగానికి ఒక ఎత్తుగడ, ఒక మలుపు, పల్లవికీ చరణానికీ మధ్య ఒక వంతెన, చివర ఒక ముక్తాయింపు ఆయనే కల్పించాడు. రికార్డింగు అయ్యాక సంగీతకారుడు కళ్లు మూసుకుని విని "నా మనసులో ఉన్నది సరిగ్గా ఇదే" అన్నారు. వేణువు కళాకారుడి ఊపిరితిత్తుల ద్వారా బయటపడినంత మాత్రాన అది సంగీతకారుడి మనసులోది కాకుండా పోతుందా?

ఆ పాటకు ముందు వేణువు ఆలాపన రెండు నిమిషాల పాటు ఉండేది. విన్నవాళ్లు ఆల్బం మొత్తంలో వినదగినది అదొక్కటే అన్నారు. కానీ స్ట్రీమింగ్ వేదికల లెక్క వేరు. శ్రోత 30 సెకన్లు విన్నాకనే ఒక 'స్ట్రీము' నమోదవుతుంది. ఆలాపన ముగిసేలోపే బొటనవేలు తర్వాతి పాట మీదికి జారుతుందన్న భయంతో, ఆ రెండు నిమిషాలను ఏడు సెకన్లకు కుదించి, ఎనిమిదో సెకనులో సంగీతకారుడి గొంతును ప్రవేశపెట్టారు. అలా చేశాక బొటనవేలు ఇంకా తొందరగా జారుతోందని ఒక మిత్రుడు సూచించాడు. ఆ మిత్రుడు ఇప్పుడు ప్రయాణంలో లేడు.

డోలు విషయంలో జరిగిన న్యాయం ఇంతకన్నా సూక్ష్మమైనది. డోలు కళాకారుడు ఎనిమిది ఆవర్తనాలు వాయించి చెమట తుడుచుకునేలోపే సంగీతకారుడు "చాలు" అన్నారు. కంప్యూటర్‌లో ఆ ముక్కను కత్తిరించి, అతికించి, వేగం పెంచి, తగ్గించి ఆల్బం అంతటా పరిచారు. పారితోషికం లెక్క చూస్తే ఆయన వాయించింది అర నిమిషం. గుర్తింపు లెక్క చూస్తే వినిపించేది నలభై నిమిషాలు. రెండింటిలో ఏది ఎక్కువో దాన్నే సంగీతకారుడు ఆయనకు ఇచ్చారు.

ఇప్పుడు హక్కుల సంగతి. సంగీత వ్యాపారంలో ఒక్కో పాటకు రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం మీద ఉండేది ఒకటి, ఆ పాటను రికార్డు చేసిన శబ్దం మీద ఉండేది మరొకటి. రెండూ వేర్వేరు కాబట్టి వేర్వేరు మనుషులకు పోయి గందరగోళం కావచ్చని మన సంగీతకారుడు రెండింటినీ తన పేరునే జాగ్రత్త చేశారు. సహకరించిన వాద్యకారులకు ఇందులో వాటా ఉండాలన్న వాదనకు చరిత్ర ఏం చెబుతోందో కాస్త చూద్దాం. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ 1960లలో వరుసగా విజయాలు కొడుతుంటే, వాటిలో చాలావాటి వెనక వాయించిన ఫంక్ బ్రదర్స్ బృందం పేర్లు అట్టల మీద కనిపించేవి కావు. 1971లో ఆ కంపెనీ గాయకుడు మార్విన్ గే ఆల్బం మీద వాళ్ల పేర్లు పడేదాకా ఆ సంప్రదాయం చెక్కుచెదరలేదు. కంపెనీలను అసహ్యించుకునే మన సంగీతకారుడు ఈ ఒక్క విషయంలో మాత్రం పెద్దల బాటను గౌరవించారు.

ఇంగ్లండులో 1973 నాటి పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం ఆల్బంలో క్లేర్ టోరీ అనే గాయని మాటలు లేని ఆలాపన ఒకటి పాడింది. ఆ రోజు పనికి ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. తాను పాడింది తానే కల్పించిన స్వరమని 2004లో ఆమె కోర్టుకెక్కింది. 2005లో ఇరుపక్షాలూ రాజీ పడ్డాక ఆ పాటకు సహ స్వరకర్తగా ఆమె పేరు చేరింది. "ముప్ఫై పౌండ్లయినా ఇచ్చారు కదా" అని మన కళాకారులు అందుకోవచ్చు. ఆ పొరపాటే కొంప ముంచిందని సంగీతకారుడి విశ్లేషణ. అసలేమీ ఇవ్వకపోతే, ఇచ్చింది చాలలేదన్న తగాదా ఎక్కడి నుంచి పుడుతుంది? ఆర్గాన్ వాద్యకారుడు మాథ్యూ ఫిషర్ కథ ఇంకా స్ఫూర్తిదాయకం. అక్కడిదే అయిన ప్రోకల్ హారమ్ బృందం 1967లో విడుదల చేసిన ఒక పాటకు ఆర్గాన్ మీద వాయించిన బాణీ తనదేనని ఆయన దావా వేస్తే, 2006లో హైకోర్టు ఆ సంగీతంలో 40 శాతం వాటా ఆయనదని తేల్చింది. అప్పీళ్లన్నీ దాటుకుని 2009లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాటాను ఖాయం చేసింది. దావాకు ముందు దశాబ్దాల ఆదాయంలో మాత్రం పైసా రాలేదు. అంటే నలభై రెండేళ్లు ఓపిక పడితే న్యాయం జరుగుతుందన్నమాట. మన వేణువు కళాకారుడికి ఇప్పుడు యాభై ఎనిమిది. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలి.

పేర్లు వేయలేదన్న అభియోగం కూడా పూర్తిగా నిజం కాదు. ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ పన్నెండింటిలో ఒక్క పొరపాటు లేకుండా సంగీతకారుడు స్వయంగా సరిచూసుకున్నారు. పంపిణీ సంస్థ దరఖాస్తులో ఎవరు ఏ వాద్యం వాయించారో నింపడానికి విడివిడిగా గళ్లు ఉన్నాయి. విడుదలకు ముందు రాత్రి నిద్ర ముంచుకొచ్చి వాటిలో చాలావరకు ఖాళీగా మిగిలాయి. నింపిన ఒక్క గడిలో వయొలిన్ కళాకారిణి పేరు ఒక అక్షరం తేడాతో పడి, ఎక్కడో ఖండాంతరాల్లో హెవీ మెటల్ డ్రమ్ములు వాయించే వ్యక్తి పేజీకి అతుక్కుంది. ఆమె పాండిత్యం నలుగురికీ తెలియాలని ఆయన అన్నారే గానీ, ఆ నలుగురు ఎవరో ముందే చెప్పలేదు కదా.

ఆదాయం దగ్గరికి వస్తే, మన సంగీతకారుడి నిజాయతీని శంకించేవాళ్లు లెక్క తెలియనివాళ్లు. పెద్ద స్ట్రీమింగ్ వేదికలు చాలావరకు చందాదారుల డబ్బును ఒక్కచోట పోగుచేసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో అంత పంచుతాయి. మీ మేనత్త నెలంతా మీ ఆల్బం తప్ప మరేమీ వినకపోయినా, ఆమె కట్టిన చందాలో అధికభాగం ఆమె ఏనాడూ పేరైనా విని ఉండని జగత్ప్రసిద్ధుల ఖాతాలకే చేరుతుంది. దీనికి తోడు స్పాటిఫై 2024 నుంచి ఒక నియమం పెట్టింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. మన ఆల్బంలో ఆ గీత దాటిన పాట ఇంకా లేదు. కాబట్టి "మీ వాటాలోంచి నేను ఒక్క పైసా తినలేదు" అని సంగీతకారుడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరు. ఆ చెయ్యి తియ్యమని ఎవరూ బలవంతం చేయలేరు.

శ్రోతలకు నేరుగా అమ్మే బ్యాండ్‌క్యాంప్‌లో మాత్రం కొన్ని ప్రతులు అమ్ముడయ్యాయి. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం ఆ వేదిక తీసుకుంటుంది. 2020 మార్చి నుంచి అప్పుడప్పుడు కొన్ని శుక్రవారాల్లో ఆ వాటాను కూడా కళాకారులకే వదిలేస్తోంది. ఆ శుక్రవారం చూసుకుని కొనమని మన సంగీతకారుడు అందరికీ సందేశం పంపారు. ఆల్బంలో వాయించినవాళ్లకూ అదే సందేశం వెళ్లింది. తమ డోలు తాము వినడానికి వాళ్లు చెల్లించిన డబ్బు రెండో ఆల్బం నిధికి జమైంది. కుటుంబంలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు మామూలే.

ఇంత సామరస్యంగా సాగుతున్న వ్యవహారంలో వయొలిన్ కళాకారిణి చిచ్చు పెట్టారు. రెండో ఆల్బానికి రమ్మని పిలిస్తే ఆమె ముందుగా ఒక కాగితం పంపారు. వాటాల పత్రమట. ఒక్క పేజీయే. పాట పేరు, బాణీ ఎవరిది, సాహిత్యం ఎవరిది, ఎవరికి ఎంత శాతం, రికార్డింగు రోజుకు పారితోషికం ఎంత, పేరు ఏ అక్షరాలతో వేయాలి, కింద అందరి సంతకాలు. స్టూడియో తలుపు దాటేలోపే నింపి సంతకం చేయాలని షరతు. సంగీతకారుడు హతాశులయ్యారు. కళ వ్యాపారమైపోయిందని, మనుషుల మధ్య నమ్మకం చచ్చిపోయిందని ఆ రాత్రి చాలా పొడుగ్గా రాసుకున్నారు. పంపిణీ సంస్థ నిబంధనల పత్రం పేజీలకు పేజీలున్నా, చదవకుండానే "అంగీకరిస్తున్నాను" నొక్కి నమ్మకం చూపిన మనిషి ఆయన. ఆ కాగితాన్ని వేణువు, డోలు కళాకారులు కూడా నకలు తీసుకున్నారని తెలిసి మరింత కుంగిపోయారు.

అయినా ఆల్బం ఆగదు. స్వతంత్ర సంగీతానికి ఎవరి మీదా ఆధారపడే అగత్యం లేదని ఆయన నిరూపించి తీరతారు. వేణువు, వయొలిన్, డోలు మూడింటినీ కంప్యూటర్‌లోనే పలికించే ధ్వని భాండాగారం ఒకటి దొరికింది. అందులో మట్టి వాసన కోసం ప్రత్యేకంగా ఒక మీట కూడా ఉందట. తెరపై అడిగిన మొత్తానికి మారు మాట్లాడకుండా ఏడాది చందా కట్టేశారు.