నిమోనియా అని రాసి ఫైల్ మూసేస్తే సరిపోదు

ఇంట్లో పెద్దాయనకు నిమోనియా అనగానే మనవాళ్లు కారణం వెతకడం మొదలుపెడతారు. వానలో తడిశాడు, తలస్నానం చేసి తల ఆరబెట్టుకోలేదు, రాత్రంతా ఏసీ కింద పడుకున్నాడు, అందుకే నిమ్ము చేరింది అంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, అంతకు మించి ఎవరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చేది ఆస్పత్రుల మీద. అక్కడ ఆ వెతుకులాట కూడా ఉండదు. "ఇన్ఫెక్షన్ అమ్మా, యాంటీబయోటిక్ పెడుతున్నాం" అంటారు. ఏ క్రిమి వల్ల వచ్చింది, ఈ మనిషికే ఎందుకు వచ్చింది అని అడిగేవాళ్లు ఉండరు.

ఎవరి డిశ్చార్జ్ ఫైల్ అయినా తెరిచి చూడండి. వేలు పోసి తీయించిన సీటీ స్కాన్ ఉంటుంది, ఒంట్లో ఇన్ఫెక్షన్ తీవ్రత చూడటానికి రోజుకోసారి చేసిన సీఆర్‌పీ రక్తపరీక్ష రిపోర్టులు ఉంటాయి, మూడు రకాల యాంటీబయోటిక్ ఇంజెక్షన్ల బిల్లులు ఉంటాయి. తెమడ పరీక్ష కాగితం మాత్రం చాలాసార్లు కనబడదు. ఒకవేళ ఉన్నా, ఆర్ఎంపీ దగ్గర రెండు రోజులు సూదులు, టౌన్లో నర్సింగ్ హోంలో ఇంకో నాలుగు రోజులు సెలైన్లు అయ్యాక తీసిన శాంపిల్ అది. అప్పటికి కల్చర్‌లో, అంటే శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగదు. నిజానికి మొదటి డోసుకు ముందే, నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలినుంచి దగ్గి తెమడ తీయించాలి. అది ఉమ్మి కాకూడదు. దీనికి పట్టేది ఒక చిన్న డబ్బా, పక్కన నిలబడి చెప్పే నర్సమ్మ ఐదు నిమిషాల ఓపిక.

డాక్టర్లు ఏమంటారో నాకు తెలుసు. క్రిమిని వెతుకుతూ కూర్చుంటే మనిషి పోతాడు, ముందు మందు పడాలి అంటారు. నిజమే. అమెరికాలో అంటువ్యాధులను గమనించే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2010 నుంచి 2012 వరకు షికాగో, నాష్‌విల్ ఆస్పత్రుల్లో పెద్దవాళ్ల నిమోనియా మీద అధ్యయనం చేసింది. ఎన్నో రకాల పరీక్షలు చేసినా 2,259 మందిలో క్రిమి దొరికింది 38 శాతం మందికే. అక్కడి 2019 మార్గదర్శకాలు కూడా ఇంటికి పంపగలిగే మామూలు కేసులకు తెమడ కల్చర్ అక్కర్లేదన్నాయి. కానీ తీవ్రమైన కేసులకు చేయాలని అవే చెప్పాయి, ఆ సగం మాట మనవాళ్లు వదిలేస్తారు. పైగా అదే అధ్యయనంలో వైరస్‌లు 23 శాతం మందిలో కనబడితే బ్యాక్టీరియా 11 శాతంలో కనబడింది. అందరూ మొదట అనుమానించే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా కేవలం 5 శాతం. మరి వైరస్ మీద పనిచేయని యాంటీబయోటిక్‌లు ఇక్కడ ప్రతి నిమోనియాకూ ఇన్ని పడటం ఏ లెక్కన?

అన్నిటికన్నా పెద్ద విషయం, అమెరికా డాక్టరుకు లేని బాధ మన డాక్టరుకు ఉంది. అది టీబీ. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోవే. టీబీ అంటే నెలల తరబడి దగ్గు, చిక్కిపోయిన మనిషి అనుకుంటాం గానీ, జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో మచ్చతో అచ్చం మామూలు నిమోనియాలాగే వచ్చేవీ ఉంటాయి. అలాంటి మనిషికి పరీక్ష చేయకుండా లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ రాస్తే ఏమవుతుంది? ఆ మందు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది, కానీ పూర్తిగా చంపదు. జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, డాక్టరు గారి చేతివాసి మంచిదని ఊరంతా చెప్పుకుంటారు. కొన్నాళ్లకు దగ్గు మళ్లీ మొదలవుతుంది. ఈలోపు ఇంట్లో పిల్లలకు అంటుకోవచ్చు, తెమడలో క్రిమి దొరకడం కష్టం కావచ్చు, ఆ మందుకే లొంగని టీబీ తయారు కావచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ఉచితం, ఒక్క రోజులో ఫలితం వస్తుంది. అయినా ఆ పరీక్షకు పంపకుండా లెవోఫ్లాక్సాసిన్ రాయడాన్ని వైద్యం అనడానికి నాకు మనసొప్పదు.

తురకపాలెం గుర్తుందా? 2025లో గుంటూరు పక్కన ఆ ఊళ్లో వరుసగా మనుషులు చనిపోతుంటే మెలియాయిడోసిస్ అనుమానం బయటికొచ్చింది, మనలో చాలామందికి ఆ పేరు వినడం అదే మొదలు. మట్టిలో, నిలవనీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. వానాకాలంలో, పొలం పనికి వెళ్లేవాళ్లలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. చూడ్డానికి నిమోనియాలాగో టీబీలాగో ఉంటుంది, అలవాటు లేని ల్యాబ్‌లో దాని క్రిమిని సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనుకుని పక్కన పెట్టేస్తారు. నిమోనియాకు మామూలుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ దీనికి సరిపోవు. సెఫ్టాజిడైమో మెరోపెనెమో కనీసం పది రోజులైనా నరానికి ఇచ్చి, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు వాడాలి. కల్చర్ చేయని చోట ఇది మెలియాయిడోసిస్ అని తెలిసే దారే లేదు. మనిషి పోతాడు, నిమోనియా ముదిరింది అంటారు.

క్రిమి సగం కథే. మిగతా సగం మనిషి ఒంట్లో ఉంటుంది. షుగర్, బీడీ, చుట్ట, తాగుడు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ, పక్షవాతం. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. పక్షవాతం వచ్చిన పెద్దావిడను వెల్లకిలా పడుకోబెట్టి గ్లాసుతో గంజి పోస్తుంటారు, మింగుడు సరిగ్గా లేక అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, నెలలో రెండోసారి నిమోనియా వస్తుంది. ఆవిడ విషయంలో కారణం ఆ గ్లాసూ, ఆ పడుకోబెట్టిన తీరూ, రోజుల తరబడి శుభ్రం చేయని నోరూ. కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచాతో నిదానంగా పట్టండమ్మా అని డిశ్చార్జ్ రోజున ఒక్కరు చెప్పినా చాలు, చెప్పరు. న్యూమోకాకల్ టీకా పిల్లలకు 2021 నుంచి దేశమంతా ఉచితంగా ఇస్తున్నారు. డెబ్బై ఏళ్ల షుగర్ మనిషికి మాత్రం వేల రూపాయలు పెట్టి కొనుక్కుంటేనే. నిమోనియా తగ్గి ఇంటికెళ్లే మనిషికి ఆ టీకా గురించీ, ఫ్లూ టీకా గురించీ ఆ ఫైల్‌లో ఒక్క లైను కూడా ఉండదు.

దీనంతటి వెనక నాకు కనబడేది ఒకటే. ఈ దేశంలో మనిషి ఎందుకు జబ్బుపడ్డాడో, ఎందుకు పోయాడో రాసిపెట్టుకోవడం అనవసరం అనుకుంటున్నాం. 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధృవీకరించినవి 22.5 శాతమే. ఆ ఉన్నవాటిలోనూ కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసి వదిలేసినవి ఎన్నో. గుండె ఆగకుండా, ఊపిరి ఆగకుండా ఎవరు పోతారు? ఇలాంటి కాగితాలు పట్టుకుని ఏ జిల్లాలో ఏ టీకా కావాలో, ఏ మందుకు ఏ క్రిమి లొంగడం లేదో, ఏ ఊరి నీళ్లు పరీక్షించాలో ప్రభుత్వం ఎలా నిర్ణయిస్తుంది? కొత్త భవనాలకు శంకుస్థాపనలు ఆపి ముందు ప్రతి ఏరియా ఆస్పత్రికి పనిచేసే కల్చర్ ల్యాబ్, దానికో మైక్రోబయాలజిస్టు ఇవ్వాలి. తురకపాలెం లాంటి చోట కారణం త్వరగా తెలియాలన్నా కావాల్సింది ఇదే.

ఈలోగా కుటుంబాలు చేయగలిగింది కొంత ఉంది. మొదటి ఇంజెక్షన్‌కు ముందు తెమడ తీసుకున్నారా, టీబీ పరీక్షకు పంపారా అని అడగండి, డాక్టరు విసుక్కున్నా సరే. జరగరానిది జరిగితే, మరణ కారణం ధృవపత్రం కాపీ దగ్గరి బంధువుకు ఇవ్వాలని 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. అది ఇచ్చేదాకా కదలకండి. అందులో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని మాత్రమే ఉంటే, దాని కింద ఖాళీగా వదిలేసిన గడులు చూపించి, అక్కడ రాయాల్సింది ఏంటని ఆ కౌంటర్ దగ్గరే నిలబడి అడగండి.