చివరి కుళాయి దగ్గర కొలవండి

వీధి చివరి ఇళ్ల ముందు గుంతలు చూడండి. ఒత్తిడి చాలక నీళ్లు పైకెక్కవు కాబట్టి కుళాయిని రోడ్డుకన్నా రెండు మూడడుగులు కిందికి దించి, పైన బండ మూస్తారు. వాన పడితే పక్కకాలువ పొంగి ఆ గుంతలోకే చేరుతుంది. బిందె పెట్టేదీ అందులోనే.

తిరుపతికి కల్యాణి డ్యాం నుంచి వచ్చినా, కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు వచ్చినా, చిత్తూరు పల్లెల్లో బోర్ల నుంచి తోడినా, ట్యాంకు దగ్గర పరీక్షించి బాగున్నాయంటే సరిపోదు. అసలు చెడు దారిలో కలుస్తుంది. ఎప్పుడూ ఒత్తిడి ఉండే పైపు పగిలితే నీళ్లు బయటికి కారుతాయే గానీ మురుగు లోపలికి రాదు. గంటసేపు వదిలి వాల్వు కట్టేస్తే, పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారిపోతాయి. ఖాళీ అయిన పైపు జాయింట్ల సందుల్లోంచి, మునిగిన కుళాయి మూతిలోంచి చుట్టూ ఉన్న మురుగును పీల్చుకుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించే ఇళ్లవాళ్లు, నీళ్లు వచ్చే వేళలోనే ఈ పని చేయిస్తున్నారు. వాళ్ల బిందె నిండుతుంది, పక్కింటికి మురుగు అందుతుంది. నీళ్లు వదిలిన మొదటి కొద్ది నిమిషాలు వచ్చేవి తాగడానికి పట్టకండి.

ఈ దారిలో నీళ్లను కాపాడేది క్లోరిన్ ఒక్కటే. భారతీయ ప్రమాణాల ప్రకారం నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. లెక్క సులువే. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. కానీ మూతి విప్పి తేమలో వదిలేసిన బస్తా బలం రోజురోజుకూ తగ్గిపోతుంది. అది 10 శాతానికి దిగజారితే అదే 160 గ్రాములు 0.4 కిందే లెక్క. అందులో చాలా భాగం ట్యాంకు పాచికే ఖర్చయిపోతుంది. బస్తాను పొడిచోట, మూతి బిగించి ఉంచాలన్నది ఇందుకే.

వేసే తీరులోనూ పొరపాట్లున్నాయి. పొడిని నేరుగా ట్యాంకులో గుమ్మరిస్తే సున్నం అడుగున పేరుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక వరకు నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోసి, అడుగు సున్నం పారేయాలి. తర్వాత కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. వాల్వు తిప్పాక వేస్తే మొదటి వీధికి ఘాటు వాసన, చివరి వీధికి ఏమీ ఉండదు.

బోర్ల సంగతి వేరు. మనది గ్రానైట్ నేల. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చు, అది దాటితే పిల్లల పళ్లపై మచ్చలు మొదలవుతాయి. కాచినా అది పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మరుగుదొడ్డి గుంత పక్కనే బోరుంటే నైట్రేటు చేరుతుంది. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, పాలతాగే పిల్లలకు అదే పెద్ద ప్రమాదం. క్యాను నీళ్ల ప్లాంటులో చూపించే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపేది) వీటిలో దేన్నీ విడిగా చెప్పదు, క్రిములున్నాయో లేదో అసలే చెప్పదు. పైగా ప్లాంటులో నీళ్లు వడగట్టే ఆర్‌ఓలో క్లోరిన్ కూడా పోతుంది కాబట్టి, సరిగా కడగని క్యానులో క్రిములకు అడ్డే ఉండదు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలన్నారు. పల్లెల్లో ఆ పరీక్షల కిట్లు బీరువాల్లోంచి బయటికి తీసి వాళ్ల చేతికివ్వాలి. పట్టణాల్లో ప్రతి వార్డు చివరి కుళాయి దగ్గర, నీళ్లు వదిలిన పావుగంటకు, మిగిలిన క్లోరిన్‌ను రంగు పోల్చి చూపే క్లోరోస్కోప్‌తో కొలవాలి. ట్యాంకు గోడపై కడిగిన తేదీ రాసే చోటే ఆ అంకె, దాని పక్కన బోరు నీటి ఫ్లోరైడ్, నైట్రేటు అంకెలు రాయాలని మేము కోరుతున్నాం. ఈశాన్య రుతుపవనాల వానలు పడకముందే గుంత కుళాయిలను పైకెత్తే పని మొదలుపెట్టాలి, చివరి వీధుల నుంచే.